రాములవ్వ కొడుకు

సిద్దిపేటలో పుట్టినవాడు తెలుగు చదువుకోవాలంటే ఆ రోజుల్లో పరదేశం పోవాలి. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. బడిలో చదువు ఉర్దూ, కచేరీలో కాగితం ఉర్దూ, దుకాణం మీద బోర్డు కూడా ఉర్దూ. ఇంట్లో తిట్టుకోవడానికీ, మగ్గం దగ్గర పాడుకోవడానికీ మాత్రం తెలుగు. దానికి అక్షరాలున్న సంగతి చాలామందికి గుర్తే లేదు. నిజాం ఎల్లలు దాటితే ఇంగ్లీషువాడి రాజ్యం. అక్కడ తెలుగు బళ్ళున్నాయి, పత్రికలున్నాయి, పద్యాలు చదివి పొట్ట పోసుకునే మనుషులున్నారు. అక్కడికి పోవాలంటే మధ్యలో సుంకం నాకా దాటాలి, జేబులోని నిజాం సిక్కా రూపాయలు మార్చుకోవాలి. నోట్లో ఉన్న భాష కోసం ఒక మనిషి దేశం దాటి పోవలసి రావడం ఏ దేవుడు చేసిన ఏర్పాటో తెలియదు. వెంకటనర్సయ్య మాత్రం దాన్ని నమ్ముకొని బయలుదేరాడు.

అది 1941. అతనికి పదిహేనేళ్ళు. తండ్రి పోశయ్య ముతక చీరలు నేసేవాడు. ఊళ్ళో తెలుగు అక్షరాలు వచ్చిన నేతగాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటే వాళ్ళలో పోశయ్య ఒకడు. పడుగుకు గంజి పెట్టేటప్పుడు బండ మీద ఒలికిన గంజిలో వేలితో అక్షరాలు గీసి కొడుక్కు నేర్పాడు. గంజి ఆరేలోగా చదవాలి. ఆరితే పాఠం పోయినట్టే.

ఆ ఏడు తెనాలి వైపు నుంచి ఒక ఖద్దరు పెద్దమనిషి దుబ్బాక, సిద్దిపేట నేత చూడడానికి వచ్చాడు. పంట కాలవ ఒడ్డున ఆయనకు ఒక ఆశ్రమం ఉంది. పిల్లలకు చదువు, ప్రార్థన, రాట్నం. మగ్గం నేర్పేవాడు ఒకడు కావాలన్నాడు. పోశయ్య కొడుకును ముందుకు తోశాడు.

"వీడు మగ్గం నేర్పుతడు. మీరు వీనికి తెలుగు నేర్పుండ్రి."

ఇంట్లో రాములవ్వ ఊరుకోలేదు. "తెలుగు నేర్చుకొనుడేంది? పొద్దటిసంది నా బుర్ర తింటనే ఉన్నడు గద, అది తెలుగు కాదా?"

"అది మన తెలుగు," అన్నాడు పోశయ్య. "వాళ్ళకాడ అసలుది ఉంటది."

"అసలుదంట. మనది ఏం, కల్తీదా?"

పోశయ్య నవ్వాడు. జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేదేమో.

ఆశ్రమంలో మొదటి రోజు భోజనాల బంతిలో వెంకటనర్సయ్య "జెర అన్నమెయ్యుండ్రి" అన్నాడు. బంతిలో ఉన్న నలభై మంది పిల్లలూ ఒక్కసారి తలలెత్తి చూశారు. తర్వాత నవ్వారు. చెడ్డ పిల్లలు కారు. దేవుడి పాటలు పాడే పిల్లలు, చీమను తొక్కరు. కానీ నవ్వారు. అతను "గిట్ల" అంటే నవ్వు, "పోయిన" అంటే నవ్వు, "ఏంది" అంటే నవ్వు. వారం తిరక్కముందే అతని పేరు గిట్లయ్య.

ఆశ్రమం నడిపే పెద్దాయన భార్య విజయమ్మ. వంటశాల ఆమెది. ఒక సాయంత్రం వడ్డిస్తూ అతని దగ్గర ఆగి అడిగింది.

"మీ ఇంట్లో ఎవరెవరున్నారు బాబూ?"

"మా బాపు, మా అవ్వ."

విజయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అక్కడ అవ్వ అంటే ముసలమ్మ, నాయనమ్మ. తల్లిని అవ్వ అనే ఊళ్ళున్నాయని ఆమెకు తెలియదు.

"అమ్మ లేదా నాయనా?"

అవ్వంటే అమ్మే అని చెప్పాలి. రెండు మాటల పని. కానీ పక్కన కూర్చున్న పిల్లలు అప్పటికే పెదవులు బిగబట్టుకుని ఉన్నారు, గిట్లయ్య నోరు విప్పితే చాలు నవ్వడానికి. వెంకటనర్సయ్య విస్తరిలోకి చూశాడు.

"లేదండి," అన్నాడు.

అతను పుట్టి బుద్ధెరిగాక నోటి నుంచి వచ్చిన మొదటి 'అండి' అదే. ఎవరూ నవ్వలేదు. విజయమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎలా పోయిందని అడిగింది. కలరా అన్నాడు. ఆమె అతని అన్నంలో నెయ్యి వేసింది, మిగిలిన ఎవరి అన్నంలోనూ వేయలేదు. ఆ నేతి వాసన అతనికి చాలా ఏళ్ళు జ్ఞాపకం ఉండిపోయింది.

ఆ రోజు నుంచి అతను తల్లిలేని బిడ్డ. తల్లిలేని బిడ్డను చూసి నవ్వేవాళ్ళు తగ్గారు. మూడేళ్ళు మగ్గం నేర్పాక, "వీడికి పద్యం పట్టుబడుతోంది, గుంటలో ఎందుకు కూర్చోబెట్టడం" అని విజయమ్మే భర్తతో చెప్పి అతన్ని మగ్గం గుంట నుంచి పైకి లేపించింది. ఇక చదువే చదువు. సంస్కృతం, వ్యాకరణం, పొద్దున ప్రార్థన, సాయంత్రం ప్రవచనం. చేతుల మీది కాయలు ఒక్కొక్కటే మెత్తబడ్డాయి. 'పోయిన' కాస్తా 'వెళ్ళాను' అయింది. 'నర్సయ్య' కాస్తా 'నరసింహం' అయింది. ఇంటికి రాసే ఉత్తరాల్లో కూడా 'నాన్నగారికి నమస్కారములు' అని రాయడం మొదలుపెట్టాడు. ఆ ఉత్తరాలు చదివి పోశయ్య వాడకట్టంతా తిరిగి చూపించేవాడట. ఏం రాసి ఉందని రాములవ్వ అడిగితే, "అసలు తెలుగు రాసి ఉంది" అనేవాడట.

ఇంకొకటి కూడా జరిగింది. అది అబద్ధం కాదు కనుక చెప్పాలి. మొదటి రోజుల్లో నవ్వుతారనే భయంతో అతను మాట్లాడడం మానేశాడు. పెద్దాయన దాన్ని చూసి మౌనం అనుకున్నాడు, మెచ్చుకున్నాడు. రోజుకు రెండు గంటలు కాలవ గట్టు మీద కూర్చోమన్నాడు. అక్కడ కూర్చుని వెంకటనర్సయ్య మొదట్లో తప్పు మాటలు లెక్కపెట్టుకునేవాడు. ఏడాది గడిచాక లెక్కపెట్టడం ఆగింది. ఒక తెల్లవారుజామున నీళ్ళ మీద మంచు కదులుతుంటే చూస్తూ చూస్తూ తానెవరో మరచిపోయాడు. సిగ్గు లేదు, ఊరు లేదు, పేరు లేదు. కొంగ లేచి ఎగిరేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత ఒళ్ళంతా తేలికైంది. అది నిజం. కింద పునాదిలో చచ్చిపోయిన తల్లి ఉన్నా, పైన కట్టింది నిజం. ఇటువంటివి ఎలా కలిసి ఉంటాయో వేదాంతం చదివినవాళ్ళను అడగాలి. వాళ్ళూ చెప్పరు.

1945లో ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. వాడకట్టులో ఎవరో ఉర్దూలో రాసిపెట్టింది. ఆశ్రమంలో అది చదవగలిగింది అతనొక్కడే. పోశయ్య చనిపోయాడు. మూడు రోజులు జ్వరం. రమ్మని రాములవ్వ చెప్పి రాయించింది.

అతను పెద్దాయనకు చెప్పాడు. "దుఃఖాన్ని తోసెయ్యకు, చూస్తూ కూర్చో" అన్నాడాయన. మంచి మాటే. వెంకటనర్సయ్య కాలవ గట్టు మీద మూడు రోజులు కూర్చున్నాడు. కన్నీటి చుక్క రాలేదు. ఆశ్రమం మొత్తం అతని వైరాగ్యాన్ని చూసి గౌరవించింది. చిన్న పిల్లలు దూరంగా నిలబడి దణ్ణం పెట్టారు. ఊరికి వెళ్ళిరమ్మని పెద్దాయన చెప్పాడు, దారిఖర్చు కూడా ఇస్తానన్నాడు. "బంధాలు ఎక్కడున్నా ఒకటేనండి" అన్నాడు వెంకటనర్సయ్య. ఆ వాక్యం తనకే నచ్చింది. వెళితే మళ్ళీ మాట పాడవుతుందేమోనన్న భయం ఆ వాక్యం కింద దాక్కుంది. దాన్ని మాత్రం అతను కూర్చుని చూడలేదు.

మరో మూడేళ్ళు అలాగే గడిచాయి. 1948 మాఘంలో సిద్దిపేట నేతగాడు ఇస్తారి ఆశ్రమం వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి నిజాం రాజ్యంలో రజాకార్ల భయం, పోలీసుల భయం. జనం మూటలు కట్టుకుని ఇటు పారిపోయి వస్తున్నారు. బెజవాడలో వాళ్ళ కోసం పాకలు వేశారు. ఇస్తారి ఆ పాకల్లో ఉంటున్నాడు. పోశయ్య ఇంటి పక్కిల్లే అతనిది.

"అరే నర్సిగా," అన్నాడు ఇస్తారి గుమ్మంలోనే, "ఎంత తెల్లగయినవ్ రా. మీ అవ్వకు కండ్లు పోయినయ్. రెండు కండ్లల్ల పూలు పడ్డయ్. గుడ్డిదైపోయింది. ఒక్కతే ఉంటది. నువ్వు సచ్చినవని ఊరంత అంటున్నరు, ఆమె మాత్రం ఇంటలేదు."

విజయమ్మ పక్కనే నిలబడి విన్నది. "అయితే మీ అవ్వ బతికే ఉందన్నమాట," అని జాలిపడింది. "పెంచిన ముసలమ్మ, పాపం. వెళ్ళి చూసిరా నాయనా."

చెప్పడానికి అదొక అవకాశం. ఏడేళ్ళ తర్వాత వచ్చిన అవకాశం. అతను "అలాగేనండి" అన్నాడు.

అందరూ బయటికి పారిపోతున్న రాజ్యంలోకి వెంకటనర్సయ్య ఒక్కడూ లోపలికి నడిచాడు. జనగామ దాకా ఎలాగో వచ్చాడు. అక్కడి నుంచి కొమురవెల్లి జాతరకు పోయే జనంలో కలిశాడు. ముఖానికి పసుపు రాసుకుని, గొర్రెపిల్లలతో, బోనాలతో పోయే ఆ గుంపును ఎవరూ ఆపలేదు. మల్లన్న గుట్ట దగ్గర ఒక ముసలివాడు అతని నుదుటి మీద పసుపు బండారి రుద్ది, "ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. అతను నవ్వి ఊరుకున్నాడు. ఊరుకున్నంత సేపూ క్షేమంగానే ఉన్నాడు.

సిద్దిపేట మొదట్లో ఇద్దరు జవాన్లు ఆపారు.

"ఎవల్రా నువ్వు? ఏడికెంచి వస్తున్నవ్?"

"కొమురవెల్లి నుంచి వస్తున్నానండి."

వక్క కొరుకుతున్న జవాను నోరు ఆపాడు. "ఏందీ? మల్లొక్కపారి అను."

"మల్లన్న దర్శనానికి వెళ్ళి వస్తున్నానండి."

"ఇన్నవా?" అన్నాడు జవాను రెండోవాడితో. "వెళ్ళిండట. మనమంత పోతం, గీయన వెళ్ళిండు. ఏ ఊరి అండివి రా నువ్వు?"

అప్పుడతను పాత మాట కోసం వెతుక్కున్నాడు. అది నోటిదాకా వచ్చింది గానీ సరిగ్గా రాలేదు. "నేను గీడోన్నే సార్, గీ ఊరోన్నే" అన్నాడు. పగటివేషంవాడు అన్నట్టుంది. జవాన్లు ఇంకా గట్టిగా నవ్వారు.

"ఇగ యేషం మొదలువెట్టిండు," అని రెక్క పట్టుకుని ఠాణాకు తీసుకుపోయారు.

ఠాణా పెద్ద అమీన్ ముఖం చిట్లించుకుని అంతా విన్నాడు. కొట్టే మనిషి కాడు. లెక్క ప్రకారం పోయే మనిషి.

"అందరు అటు ఉరుకుతున్నరు. నువ్వొక్కనివి ఇటొచ్చినవ్. ఎందుకు?"

"మా అమ్మను చూడడానికండి. పోశయ్యగారి భార్య, రాములమ్మ."

"ఈ ఊర్ల గార్లు లేరు, అమ్మలు లేరు," అన్నాడు అమీన్. "సరే. నెత్తురు సుట్టం వచ్చి గుర్తుపట్టాలె. పూచీకి జమానత్ కాగితం మీద వేలిముద్ర వెయ్యాలె. లేకుంటే రేపు మధ్యాహ్నం లారీల పట్నం జైలుకు. అవతలోడు అని రాసి పంపుత. ఆడ ఏం జేస్తరో నాకు తెల్వది."

వాడకట్టుకు మనిషిని పంపారు. పరాయివాడి కోసం ఠాణాకు వచ్చి నిలబడే ధైర్యం ఎవరికుంటుంది? పది రోజుల కింద పక్క ఊళ్ళో ఒకడు అల్లుడి దోస్తునని చెప్పి ఒక ఇంట్లో అన్నం తిని పోయాడు. వాడు పోలీసుల వేగు అట, మరునాడు ఆ ఇంటి మగవాళ్ళను పట్టుకుపోయారు. అప్పటి నుంచి జనం గొంతులను కూడా అనుమానిస్తున్నారు. చివరికి ముసలి దుబ్బయ్య ఒక్కడు మాట ఇచ్చాడు, తెల్లారి రాములవ్వ చెయ్యి పట్టి తీసుకొస్తానని.

ఆ రాత్రి ఠాణా కొట్టు గదిలో వెంకటనర్సయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏడేళ్ళు కాలవ గట్టు మీద కూర్చున్న మనిషి. కళ్ళు మూసుకుని ఆ నిశ్శబ్దాన్ని పిలిచాడు. రాలేదు. తండ్రి పోయినప్పుడు మూడు రోజులూ వచ్చింది. ఇప్పుడు తన ప్రాణం మీదికి వస్తే రాలేదు. దాని బదులు రాములవ్వ వచ్చింది. పోశయ్య ఉత్తరం చూపిస్తుంటే ఏం రాసి ఉందని అడుగుతున్న రాములవ్వ. ఆమెకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదని అప్పుడు తట్టింది. నాన్నగారికి నమస్కారములు, నాన్నగారికి నమస్కారములు. చచ్చిపోయిందని చెప్పినదానికి ఉత్తరం ఎలా రాస్తాడు? నేలకేసి తల కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు. అది కూడా నాటకమే అవుతుందేమోనని భయపడ్డాడు. తన దగ్గర నాటకం కానిది ఏదైనా మిగిలిందా అని తెల్లవార్లూ వెతికాడు.

పొద్దెక్కాక దుబ్బయ్య ఆమెను తీసుకొచ్చాడు. రాములవ్వ చిన్నదైపోయింది. తలుపు చట్రాన్ని తడిమి, గడపను కాలితో తడిమి లోపలికి వచ్చింది. కళ్ళలో తెల్లటి పొరలు. ముఖం మాత్రం వెలుగుతోంది. దారి పొడుగునా నవ్వుతూనే వచ్చిందని దుబ్బయ్య తర్వాత చెప్పాడు. కొత్త చీర కట్టుకుంది, తిరగేసి కట్టుకుంది.

"ఏడీ? ఏడున్నడు?" అన్నది.

వెంకటనర్సయ్య లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళ అలవాటు నోట్లో ముందుంది.

"అమ్మా," అన్నాడు.

ఆమె ముఖంలో వెలుగు ఆగింది. తల పక్కకు తిప్పి చెవి ఒగ్గింది.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"నేనేనమ్మా. వెంకటనరసింహాన్ని."

"గా పేరోల్లు మా ఇంట్ల లేరు," అన్నది రాములవ్వ. దుబ్బయ్య చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "దుబ్బన్నా, గీయన ఎవలో పంతులు లెక్క ఉన్నడు."

"అవ్వా," అన్నాడు అతను. "అవ్వా, నేనే. నర్సిగాన్ని."

ఆమె అమీన్ గొంతు వచ్చిన దిక్కుకు తిరిగింది. "ఇగో అమీన్‌సాబ్, ఇప్పుడు యాదికొచ్చింది. నేర్పి పంపినట్టున్నరు."

ఒక జవాను కిసుక్కుమన్నాడు. వెంకటనర్సయ్య చెయ్యి చాపాడు. దుబ్బయ్య ఆ చేతిని తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళతో అరచేయి మొత్తం తడిమింది, వేళ్ళ సందులు తడిమింది. మెల్లగా వదిలేసింది.

"దూదోలె ఉన్నయ్. నా కొడుకు మగ్గం నేసే పోరడు. గీ చేతులు పనిజేసిన చేతులు గావు."

"సరింగ సూడు రాములూ," అన్నాడు దుబ్బయ్య. "మొకం జెర పోశయ్య పోలికే ఉన్నది."

"పోలికలదేమున్నది? గుడ్డిదాన్ని, నాకు పోలికలు చెప్తవా?" ఆమె అతని వైపు తిరిగింది. "సరే, ఒక్క ముచ్చట అడుగుత. బిడ్డా, నా కొడుకు బాపు సచ్చిపోయిన్నాడు నువ్వు ఏడున్నవ్?"

అతను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఖతు రాయిస్తి. పదకొండు దినాలు వాకిట్ల కూసున్న. అప్పటికి కండ్లు జెర కనవడుతుండె. ఎవడన్న మూట పట్టుకొని వస్తుంటే లేసి నిలవడుదు. నా కొడుకు బతికుంటే వస్తుండె. బాపు సచ్చిండంటే రాని కొడుకును నేను కనలే. గీయన ఎవలో. మంచోడే కావచ్చు. నాకు తెల్వది."

ఆమె తిరిగి గడప వైపు నడిచింది. అమీన్ కలం తీశాడు.

ఆ క్షణంలో వెంకటనర్సయ్యకు ఒక సంగతి అర్థమైంది. ఆమె అతన్ని గుర్తుపట్టక కాదు వెళుతున్నది. రాని కొడుకు కంటే చచ్చిన కొడుకు ఆమెకు మేలు. ఇల్లు విడిచిపోయిన ఆ పిల్లవాణ్ణి ఆమె ఏడేళ్ళుగా మనసులో చక్కగా పెంచుకుంటోంది. వాణ్ణి ఆమెకు వదిలేసి తాను లారీ ఎక్కడమే ధర్మమేమో. కాలవ గట్టు మీది వెంకటనరసింహం ఆ పని చేసి ఉండేవాడు, చేసి తనను తాను మెచ్చుకునేవాడు. కొట్టు గదిలో తెల్లవారిన మనిషి చెయ్యలేకపోయాడు. ఆమెకు కొడుకై ఉండాలని ఉంది అతనికి. పరలోకం కోసం కాదు, జైలు తప్పించుకోవడానికి కూడా కాదు. ఆకలేసినట్టు కావాలని ఉంది.

"నేను రాలేదు," అన్నాడు. "ఖతు అందింది. చదివిన. అయినా రాలేదు. పైసలు ఇస్తామన్నారు, పొమ్మన్నారు, నేనే రాలే."

అది ఏ దేశపు తెలుగూ కాదు. సగం అటు, సగం ఇటు, మధ్యలో ఎక్కిళ్ళు.

"వస్తే నవ్వుతారని... కాదు, మళ్ళ నా మాట గిట్ల అయితదని. ఇంకొకటి ఉన్నది. వాళ్ళకు చెప్పిన. అవ్వంటే వాళ్ళకు తెల్వదు, అమ్మ లేదా అని అడిగిన్రు. లేదన్న. నువ్వు సచ్చిపోయినవని చెప్పిన. ఏడేండ్లు గదే చెప్పిన. మొన్న కూడ చెప్పలేదు... నువ్వు ఉన్నవని మొన్న కూడ చెప్పలే."

రాములవ్వ గడప మీద ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఏం రోగమొచ్చి సచ్చిన్నని చెప్పినవ్?"

"గత్తర," అన్నాడు. కలరాకు ఆ ఊరి మాట అదే.

"ఊఁ," అన్నది. "గత్తరయితే తొందరగనే పోతరు. ఎక్కువ తిప్పల పెట్టలేదు నన్ను."

జవాను నవ్వబోయాడు. అమీన్ చెయ్యెత్తి ఆపాడు.

"నేను సచ్చినంక నీకు మంచిగ చూసిన్రా వాళ్ళు?"

"నెయ్యి వేసేవాళ్ళు," అన్నాడు వెంకటనర్సయ్య. అని నేల మీద కూర్చున్నాడు.

రాములవ్వ గోడ పట్టుకుని వెనక్కి వచ్చింది. బల్ల అంచు తగిలేదాకా నడిచింది. బొటనవేలు ముందుకు చాపింది.

"రాసుకో అమీన్‌సాబ్. నా కొడుకే. పరాయోడైతే పానం మీదికొస్తే మంచి అబద్ధం జెప్తుండె. గింత సిగ్గుమాలిన ముచ్చట నా కడుపుల పుట్టినోడే చెప్తడు. వేలు ఏడ పెట్టాల్నో సూపియ్యి."

సిరా పూసి వేలిముద్ర తీసుకున్నారు. వెంకటనర్సయ్య వల్ద్ పోశయ్య, అంటే పోశయ్య కొడుకు, అని అమీన్ ఉర్దూలో రాశాడు. ఆ చిన్న కాగితంతో అతను మళ్ళీ ఆ ఊరివాడయ్యాడు. లేచి కళ్ళు తుడుచుకుని తల్లి చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి అప్పటికే దుబ్బయ్య భుజం మీద ఉంది.

"నడువుండ్రి," అన్నది అతనితో. "ఎండయితది."

మొదట అతనికి తెలియలేదు. దుబ్బయ్యను కూడా కలుపుకుని అన్నదనుకున్నాడు. ఇంటికి చేరాక గడపలో పక్కకు జరిగి నిలబడింది, చుట్టం వస్తే నిలబడినట్టు. "లోపలికి రాండ్రి. కాళ్ళు కడుక్కోండ్రి." జొన్నరొట్టె తడుముతూ పళ్ళెంలో పెట్టింది. "తినుండ్రి." అప్పుడు తెలిసింది. రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

ఆ వైపున కన్నకొడుకును మీరు అనే తల్లి ఎక్కడా లేదు. దొరను అంటారు, పంతులును అంటారు, పట్నం నుంచి వచ్చిన పరాయివాణ్ణి అంటారు. రాములవ్వ కోపంగా అనలేదు. అలిగినట్టు కూడా కాదు. మర్యాదగా, మామూలుగా అన్నది. అతను మగ్గం గుంటలో దిగాడు. వారం రోజుల్లో అరచేతులు పొక్కిపోయి రక్తం వచ్చింది. ఆమె వెన్న తెచ్చి అతని చేతులకు రాసింది. రాస్తూ, "మీకు అలవాటు లేదు గద, నిమ్మళంగ నెయ్యుండ్రి" అన్నది.

వాడకట్టులో అదొక వేడుకైంది. "రాములవ్వ ఇంట్ల తాసీల్దారున్నడు" అనేవాళ్ళు. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమె ముందే నవ్వేవాళ్ళు. కొండవ్వ అనే పక్కింటామె ఒకసారి అడిగింది కూడా.

"గదేందక్కా, కన్న కొడుకును మీరు అంటవ్?"

"పెద్ద సదువు సదివిండ్రు," అన్నది రాములవ్వ. "నువ్వంటే బాగుంటదా?"

ఒకనాడు అతను బతిమిలాడాడు. కాళ్ళ దగ్గర కూర్చుని, "అవ్వా, తిట్టు. కొట్టు. ఒక్కసారి నువ్వు అను" అన్నాడు. ఆమె అతని తల తడిమింది. చాలా సేపు తడిమింది. జుట్టులో వేళ్ళు పెట్టి చిన్నప్పటిలాగే పేను వెతికినట్టు వెతికింది.

"నోటికి వస్తలేదయ్యా," అన్నది. "అందామని సూస్త. నా కొడుకును యాది చేసుకొని అంటే ఆ పోరడు వస్తడు, మీరు రారు. మిమ్ములను సూసి అందామంటే నోరు తిరుగుతలేదు. నేనేం జెయ్యాలె?"

ఏడేళ్ళ చదువులో ఒక్క వాక్యం కూడా పనికి రాలేదు. నోరు తిరగకపోవడం అంటే ఏమిటో ఆ ఊళ్ళో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. అందుకే ఆమె అబద్ధం చెప్పడం లేదని తెలిసింది. ఆ రోజు నుంచి అడగడం మానేశాడు.

ఆ ఏడు భాద్రపదంలో నిజాం రాజ్యం పోయింది. జనం జెండాలు పట్టుకుని తిరిగారు. తెలుగు బళ్ళు పెడుతున్నారు, తెలుగు వచ్చినవాళ్ళు కావాలని కబురొచ్చింది. వెంకటనర్సయ్యకు పంతులు పని ఇస్తామని కోహెడ నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఈ చుట్టుపక్కల అంత చక్కటి తెలుగు ఇంకొకరికి లేదన్నారు. అక్కడే ఇల్లు కూడా చూపిస్తామన్నారు. తల్లిని తీసుకొస్తానని అతను అన్నాడు. రాములవ్వ రానన్నది. "పోశయ్య సచ్చిన ఇల్లు ఇడిసిపెట్టి ఏడికి రాను? మీరు పోండ్రి, మంచి కొలువు." పోతే ఆమె వాకిట్లో కూర్చోదని, మూట పట్టుకుని ఎవరు వచ్చినా లేచి నిలబడదని అతనికి తెలుసు. ఎదురుచూపు ఆమె దగ్గర అయిపోయింది. కొలువుకు పోనని చెప్పాడు. పెద్దమనుషులు పది మాటలు చెప్పి చూశారు, విసుక్కుని వెళ్ళిపోయారు. చదువుకున్నవాడికి ఈ గుంటలో ఏం పనని దారి పొడుగునా అనుకున్నారు. వాళ్ళన్నదీ నిజమే. ఊరంతటికీ ఒక్క అక్షరం చెప్పేవాడు లేనప్పుడు, అక్షరాలు వచ్చినవాడు ముతక చీరలు నేస్తూ కూర్చోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. అతనికీ ఆ సంగతి తెలుసు. రోజూ నేస్తున్నప్పుడు తెలుస్తూనే ఉండేది.

మరుసటి ఏడు వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున దుబ్బయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఠాణా కాగితాలు కొత్త సర్కారు మళ్ళీ రాయిస్తోంది, ఎవరింట్లో ఎవరున్నారో చెప్పాలట.

"రాములూ, నీ కొడుకేడి?"

వెంకటనర్సయ్య వంటింట్లో పొయ్యి ఊదుతున్నాడు. ఊదడం ఆపి చెవి పెట్టాడు. వాన చినుకులు పెంకుల మీద పడుతున్నాయి.

"నా కొడుకా?" అన్నది రాములవ్వ. "లోపలున్నరు."

పొయ్యి పొగకు కళ్ళు మండాయి. అతను వంగి మళ్ళీ ఊదాడు.